కొట్టు మీద మమకారం, ఫోన్‌లో బేరం

ఈ నెల ఉత్తరాలు తెరుస్తుంటే దాదాపు అన్నీ కొట్ల గురించే. మూతపడ్డ కొట్టు, అలిగిన అమ్మ, అర్ధరాత్రి ఆర్డర్లు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను ముప్పై రెండేళ్లు విశాఖలో కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అంతకంటే ముందు, వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టు గుమాస్తా కూతుర్ని.

ప్రశ్న: మా అమ్మ పెళ్లి చీర దగ్గర్నుంచి నా సీమంతం చీర దాకా వన్ టౌన్‌లో ఒకే కొట్టులో కొన్నాం. పోయిన నెల అటు వెళ్తే షట్టర్ దించేసి ఉంది, దాని మీద 'అద్దెకు ఇవ్వబడును' అని కాగితం. రోడ్డు మీదే కళ్లలో నీళ్లు తిరిగాయి. మావారు "నువ్వు అక్కడ చీర కొని ఆరేళ్లయింది. అన్నీ ఫోన్‌లోనే కదా కొంటున్నావు, ఇప్పుడు ఏడుపెందుకు?" అన్నారు. ఆయన అన్నది నిజమే, అందుకే ఇంకా బాధగా ఉంది. కొనడం మానేశాక కూడా ప్రేమ ఉన్నట్టేనా? అమ్మ పోయి మూడేళ్లయింది.
— ఒక గృహిణి, మర్రిపాలెం

జవాబు: ఉందమ్మా. లేకపోతే నడిరోడ్డు మీద కన్నీళ్లెందుకొస్తాయి? మీవారు చెప్పింది లెక్క, మీకు వచ్చింది దుఃఖం. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయలేం.

మా నాన్న అలాంటి కొట్టులోనే ముప్పై ఏళ్లకు పైగా చీరలు చూపించారు. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరేవారు. చొక్కాకి ఎప్పుడూ కొత్త బట్ట గంజి వాసన. కొట్టుకి మంచి రోజులంటే మార్గశిర గురువారాలు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి తెల్లవారకముందే జనం బారులు తీరేవారు. దర్శనం కాగానే ఆడవాళ్లు పసుపు కాళ్లతోనే కొట్టు మెట్లెక్కేవారు. సెలవు రోజుల్లో నేనూ వెళ్లి ఒక మూల కూర్చునేదాన్ని. నాన్న ధర ముందు చెప్పేవారు కాదు. "ఎవరికమ్మా? ఏ కార్యానికి?" అని అడిగేవారు. అది విన్నాకే బీరువా వైపు తిరిగేవారు. "ఆ రంగు మీ అమ్మాయికి నప్పదు తల్లీ, తీసుకోకండి" అని చేతిలో పడ్డ బేరాన్ని వదులుకోవడం కళ్లారా చూశాను. యజమాని కోప్పడ్డాడు. ఆ ఇంటివాళ్లు మాత్రం తర్వాత ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లకీ నాన్న దగ్గరికే వచ్చారు.

నాన్న పోయిన పన్నెండో రోజున, మాకు ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ ఇంటికొచ్చారు. కట్టుకున్న చీర కొంగు చూపించి, "ఇది మీ నాన్నగారు తీసిచ్చిందే" అన్నారు. కాసేపు కూర్చుని వెళ్లిపోయారు.

మీ కొట్టులో మీ అమ్మగారిని ఎరిగిన మనిషి ఉండేవాడు. ఆవిడ ఏ అంచు ముందు తీయించేవారో, బేరం ఎక్కడ ఆపేవారో అతనికి తెలుసు. "మీ అమ్మగారైతే ఇది తీసుకునేవారు" అని చెప్పగలిగిన మనిషి ఊళ్లో ఒకరు తగ్గారు. ఫోన్‌కీ మీ గురించి చాలా తెలుసు. మీకు నచ్చే రంగు, మీరు వెనకడుగు వేసే ధర, రాత్రి ఎన్నింటికి చూస్తారో కూడా. అమ్మ సంగతి దానికి తెలియదు. మీకు వచ్చిన కన్నీళ్లలో సగం ఆవిడ కోసమే అనుకుంటాను.

ఇక లెక్క సంగతి. దాన్నీ తప్పించుకోకూడదు. చీరల కొట్టు సరుకంతా చాలా వరకూ అరువు మీదే వస్తుంది. ఒకటో తారీఖుకి అద్దె, కరెంటు బిల్లు, నలుగురు గుమాస్తాల జీతాలు కట్టాలి. మీ కుటుంబం ఆ కొట్టుని ఎంత ప్రేమించినా ఆ ప్రేమ గల్లాపెట్టెలో పడితేనే అవి కట్టగలిగేది. అయితే తప్పంతా మీ నెత్తిన వేసుకోకండి. జగదాంబ దగ్గర, ద్వారకానగర్‌లో, మద్దిలపాలెంలో పెద్ద షోరూంలు వచ్చాయి. వన్ టౌన్ సందుల్లో బండి ఆపడానికి చోటు లేదు. చాలా కొట్లలో కొడుకులు ఉద్యోగాలకు వెళ్లిపోయి గల్లా దగ్గర కూర్చునేవాళ్లే లేరు. ఆరేళ్లలో మీరు కొనని ఏడెనిమిది చీరల వల్ల ఆ షట్టర్ పడలేదు. మీలాంటి వందల మంది కొనకపోవడం వల్ల మాత్రం కొంత పడింది. ఈ రెండు వాక్యాలూ మీరు భరించగలరనే రాస్తున్నాను.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. పక్క కొట్టువాళ్లని అడిగితే ఆ యజమాని ఇల్లు ఎక్కడో చెప్తారు. మీ సీమంతం చీర కట్టుకుని వెళ్లి ఒకసారి కనబడండి. మా ఇంటికొచ్చిన ఆ పెద్దావిడ నాన్న ఉండగానే వచ్చుంటే ఆయన ఎంత సంతోషించేవారో నాకు తెలుసు.

ఒకే రోజు వచ్చిన రెండు ఉత్తరాలు

మొదటిది మధురవాడ నుంచి, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: "షాపుకి వెళ్లి బూట్లు వేసుకు చూశాను. షాపులో 2,499 రూపాయలు, అదే మోడల్ ఆన్‌లైన్‌లో 2,049. షాపులో ఉండగానే ఆర్డర్ పెట్టేశాను. మా అక్క 'అది మోసం రా' అంటోంది. నా డబ్బు నేను ఆదా చేసుకుంటే మోసమెలా అవుతుంది?"

రెండోది గాజువాకలో చెప్పుల షాపు నడిపే ఒకాయన: "కుర్రాళ్లు అరగంట కూర్చుని నాలుగు జతలు వేసుకు చూస్తారు. డబ్బా మీద మోడల్ నంబరు ఫొటో తీసుకుని 'మళ్లీ వస్తామండీ' అని వెళ్లిపోతారు. విసుగొచ్చి 'ఫొటోలు తీయరాదు' అని బోర్డు పెట్టాను. వచ్చేవాళ్లు ఇంకా తగ్గారు. ఏం చేయమంటారు?"

జవాబు: బాబూ, మోసం అనే మాట పెద్దది. కానీ అది సరైన పని కాదు. నీ కోసం ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని లేసులు కట్టాడు. ఒక్క మోడల్‌లో ఆరు సైజులు తెచ్చి పెట్టుకోవడానికి అతని డబ్బు అందులో ఇరుక్కుని ఉంది. 2009లో జోయాన్ పెక్, సుజాన్ షూ అనే ఇద్దరు పరిశోధకులు, వస్తువుని ఊరికే చేత్తో తాకినా చాలు, అది మనదే అన్న భావం పెరుగుతుందని ప్రయోగాలు చేసి చూపించారు. నువ్వు తాకడమేమిటి, తొడుక్కుని అటూ ఇటూ నడిచావు. ఆ జత నీదయింది ఆ షాపు బల్ల మీదే. డబ్బు మాత్రం ఇంకొకరికి వెళ్లింది.

చూసి కొనకుండా వచ్చేయడం తప్పు కాదు. మా నాన్న యాభై చీరలు విప్పించుకుని వెళ్లిపోయినవాళ్లకి కూడా మర్యాదగా నమస్కారం పెట్టేవారు. కొనేది వేరేచోట అని ముందే నిర్ణయించుకుని, సైజు కోసం అతని అరగంట వాడుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. ఈసారి ఫోన్ దాచకుండా అతనికే చూపించు. "అన్నా, ఇక్కడ ఇంత ఉంది, నువ్వెంతకిస్తావ్?" అని అడుగు. 450 తేడాలో రెండొందలో మూడొందలో తగ్గించే షాపులు చాలానే ఉంటాయి. మిగిలిన తేడాకి రేపు బూటు కరిస్తే పది నిమిషాల్లో మార్చుకునే వీలు వస్తుంది. అంత పెట్టలేని నెలైతే నిస్సంకోచంగా ఆన్‌లైన్‌లో కొనుక్కో, షాపులో తొడిగించుకోకుండా. పొదుపు చేసుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అయ్యా, మీరు ముందు ఆ బోర్డు తీసేయండి. ఫొటో తీసేవాడు దానికి ఆగడు. ఇంట్లో ఆవిడకి చూపించి అడుగుదామని తీసేవాడు మాత్రం నొచ్చుకుంటాడు. అందరికీ దొరికే మోడల్ దగ్గర ఆన్‌లైన్ ధరతో పోటీ పడితే మీ చేతి డబ్బే పోతుంది. మీ బలం పిల్లల బడి బూట్లలో ఉంది. ప్రతి పిల్లవాడి పాదం కొలత, తేదీ, తల్లి ఫోన్ నంబరు, వాళ్లు సరేనంటే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. జూన్‌లో బళ్లు తెరిచేముందు "అమ్మా, బాబుకి ఈ ఏడు ఒక సైజు పెరిగుంటుంది, తీసుకొచ్చి చూపించండి" అని ఒక్క ఫోన్ చేయండి. మా నాన్న దగ్గర అలాంటి పుస్తకమే ఉండేది. ఎవరింట్లో ఆడపిల్ల ఎప్పుడు పెద్దమనిషయిందో, ఎవరి పెళ్లి ఏ మాఘమాసంలో కుదిరిందో అందులో రాసుకునేవారు. ఊడిన సోల్ ఊరికే అంటించి ఇవ్వండి. మార్పిడి విషయంలో మొహం మాడ్చకండి. "బిల్లేదండీ?" అని గద్దించడం మన బజార్లో పాత జబ్బు. మనుషుల్ని ఫోన్ వైపు తోసిన వాటిలో అదొకటని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. గోపాలపట్నంలో అమ్మ ఒక్కతే ఉంటుంది, 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. ఎండలో తిరగకూడదని ఇక్కడి నుంచే యాప్‌లో సరుకులన్నీ ఆర్డర్ పెడుతున్నాను. అరగంటలో గుమ్మంలోకి వచ్చేస్తాయి. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు "నన్ను ఇంట్లో కట్టీసేవురా" అని ఫోన్లో ఏడుస్తోంది. పంపిన పప్పు ప్యాకెట్లు విప్పకుండా, అదే పప్పు వీధి చివర కొట్టులో కొని తెచ్చుకుంటోంది. నేను చేసిన తప్పేమిటో అర్థం కావడం లేదు.

జవాబు: బాబూ, నువ్వు ప్రేమతోనే చేశావు. అది మీ అమ్మకీ తెలుసు. నువ్వు ఆవిడకి పప్పు పంపించి, కొట్టు లేకుండా చేశావు.

ఆ కొట్టుకి నడిచి వెళ్లడంలో ఏమేం ఉన్నాయో ఆలోచించు. చీర మార్చుకోవాలి, జడ వేసుకోవాలి. దారిలో ఇద్దరు పలకరిస్తారు. కొట్టాయన "ఏటి మామ్మగారూ, రెండ్రోజులు కానరాలేదు, ఒంట్లో బాగుందా?" అంటాడు. బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాడు. పప్పు రాళ్లున్నాయని ఆవిడ దెబ్బలాడుతుంది. అతను ఒక గుప్పెడు కొసరు వేస్తాడు. ఎవరింట్లో శుభకార్యమో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో తెలుస్తుంది. రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1989లో దీన్నే మూడో చోటు అన్నాడు. ఇల్లు మొదటిది, పని రెండోది. ఈ రెండూ కాకుండా మనిషి తనంతట తాను వెళ్లి కాసేపు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు మూడోది. మగవాళ్లకి టీ బడ్డీ ఉంది, బీచ్ రోడ్డు అరుగులున్నాయి. మీ అమ్మ వయసు ఆడవాళ్లకి గుడి, కిరాణా కొట్టు తప్ప మన ఊళ్లో మిగిలిందేమిటి?

ఇంకో సంగతి చెప్తాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద నుంచే పోయింది. అప్పటికి మేం సీతమ్మధారలో ఉన్నాం. పొద్దున్నకి వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. నా పర్సులో నూట పది రూపాయలున్నాయి, కార్డులు రెండున్నాయి. మూడో రోజున మా వీధి కిరాణా కొట్టు సగం షట్టర్ ఎత్తి, కొవ్వొత్తి వెలుగులో బియ్యం, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు ఇచ్చింది. ఊళ్లో కొన్నిచోట్ల పాల ప్యాకెట్‌కి ఇష్టం వచ్చిన ధర చెప్తున్న రోజులవి. ఆయన ఎప్పటి ధరే తీసుకున్నాడు. డబ్బు లేనివాళ్ల పేరు పుస్తకంలో రాసుకున్నాడు. నా పేరూ రాసుకున్నాడు. మా వీధికి కరెంటు వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి ఆ పుస్తకం మీదే వెలిగింది. అందుకే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి కొట్టువాడితో ముఖపరిచయం అవసరమని గట్టిగా చెప్తాను. రెండ్రోజులు మీ అమ్మ కనబడకపోతే యాప్ వచ్చి తలుపు కొట్టదు. అతను కొడతాడు.

మోకాళ్ల సంగతీ నిజమే. బరువైనవి, అంటే బియ్యం బస్తా, నూనె డబ్బా, సబ్బుల పొడి, నువ్వే ఆర్డర్ పెట్టు. లేదా ఆ కొట్టు కుర్రాడి చేతే ఇంటికి పంపించమను. పప్పు, చింతపండు, పోపు సామాను ఆవిడకి వదిలెయ్. ఎండ పొద్దెక్కకముందు వెళ్లిరమ్మను. కొట్టాయనతో నువ్వొకసారి ఫోన్లో మాట్లాడి నెల లెక్క నువ్వే కడతానని చెప్పు. అయితే పుస్తకం మీద పేరు మాత్రం మీ అమ్మదే ఉండాలి.

ప్రశ్న: నేను టీచర్ని. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండుకి ఫోన్ తీస్తాను. 'ఇంకా రెండే మిగిలాయి' అని, పక్కన గడియారం తిరుగుతూ ఉంటుంది. టెన్షన్‌లో కొనేస్తాను. విప్పని పార్శిళ్లు బీరువాలో ఉన్నాయి. పైగా ఒక మిక్సీ పగిలిపోయి వచ్చింది. తిరిగి తీసుకెళ్లారు, నలభై రోజులైనా డబ్బు రాలేదు. కస్టమర్ కేర్‌లో ఎప్పుడూ ఒకటే మాట, '48 గంటల్లో' అని. ఎవరికి చెప్పుకోవాలి?
— అక్కయ్యపాలెం

జవాబు: ముందు మిక్సీ. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారిని పెట్టి, పేరు, ఫోన్, ఈమెయిల్ తమ సైట్‌లో చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్ కేర్ ఫోన్ వదిలేసి ఆ అధికారికి ఈమెయిల్ రాయండి. ఆర్డర్ నంబరు, పగిలిన మిక్సీ ఫొటోలు, వెనక్కి తీసుకున్న తేదీ జతచేయండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అదీ కాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీరుండే చోటే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.

ఇక ఆ గడియారం. లేని కొరతని ఉన్నట్టు చూపించి తొందరపెట్టడం నిషేధం. 2023 నవంబర్ 30న కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 13 రకాల ఎత్తుగడలని 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరుపెట్టి మార్గదర్శకాలు తెచ్చింది. అడగని వస్తువుని కార్ట్‌లో చేర్చడం, చివర్లో ధర పెంచడం, 'వద్దు' అంటే సిగ్గుపడేలా మాటలు రాయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కనబడితే స్క్రీన్‌షాట్ తీసి 1915 వాళ్లకే ఫిర్యాదు చేయండి.

మీ అలవాటు గురించి మిమ్మల్ని తిట్టను. రోజంతా నలభై మంది పిల్లలు, ఇంటికొస్తే ఇద్దరు. ఆ పదకొండు గంటల సమయం ఒక్కటే మీది. మా అమ్మ తరం ఆడవాళ్లు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, ఏమీ కొనకపోయినా రెండు గంటలు తిరిగొచ్చేవారు. మీకు ఆ తిరుగుడు ఫోన్‌లోకి వచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ చేతిలో డబ్బు తరగడం కంటికి కనబడేది. 2001లో అమెరికాలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే అధ్యాపకులు బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలం పెట్టి చూశారు. కార్డు మీద కట్టాల్సినవాళ్లు, నగదు ఇవ్వాల్సినవాళ్లకంటే దాదాపు రెట్టింపు పాడారు. కాబట్టి యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేయండి. రాత్రి ఎంతసేపైనా చూడండి, కార్ట్‌లో వేసుకోండి, డబ్బు మాత్రం పొద్దున్న కాఫీ తాగాక కట్టండి. నేను చెప్పినవాళ్లలో చాలామంది పొద్దున్నకి సగం తీసేశారు. విప్పని పార్శిళ్లు ఈ ఆదివారమే విప్పి, గడువున్నవి వెనక్కి పంపేయండి.

ప్రశ్న: అందరికీ సలహాలిస్తారు కదా, మీరు ఆన్‌లైన్‌లో కొంటారా మేడమ్? నిజం చెప్పండి.
— డిగ్రీ విద్యార్థిని, భీమిలి

జవాబు: కొంటానమ్మా. నా వినికిడి యంత్రానికి బ్యాటరీలు కావాలంటే ద్వారకానగర్‌లో మూడు షాపులు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో తెప్పించుకుంటున్నాను. ఊళ్లో దొరకని పాత పుస్తకాలూ అంతే. బియ్యం, పప్పు మా వీధి కొట్టులోనే. కూరలు ఎంవీపీ కాలనీ రైతు బజారులో, ఆదివారం పొద్దున్న.

చీర ఒక్కసారి కొన్నాను, 2020లో, కరోనా రోజుల్లో. ఉప్పాడ చీర. బాగానే వచ్చింది. రంగు, అంచు ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి, ధర కూడా న్యాయంగానే ఉంది. మడత విప్పి భుజం మీద వేసుకుని, చిన్నప్పటి అలవాటు కొద్దీ తలెత్తి ఎదుటివైపు చూశాను, నప్పిందో లేదో చెప్తారని. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ చీర ఇప్పటికీ కడుతున్నాను. మళ్లీ చీర మాత్రం ఫోన్‌లో కొనలేదు.